సేఫ్టీ సారు మెడలో ట్యాగు

మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. మెడలో కంపెనీ ట్యాగు వేసుకున్నది కూడా నేనే మొదట. హిందూపురం దగ్గర అట్టపెట్టెల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా చేరినప్పటి నుంచి స్నానానికి తప్ప ఆ ట్యాగు తీయలేదు. పరిగి సంతకు కూడా వేసుకునే పోయాను. గొర్రెలు మేపే మా నాయన తిప్పేస్వామి చూసి, "ఏమబ్బా, పొట్టేలుకు గంట కట్టినట్లుండాది" అన్నాడు. మెచ్చుకున్నాడనే అనుకున్నాను.

వారానికొకసారి కార్మికులకు క్లాసు చెప్పేవాణ్ణి. తిరిగే రోలర్ల దగ్గర ఒంటిమీద వేలాడేది ఏదీ ఉండకూడదు. కొంగైనా, తాడైనా.

ఆయుధ పూజ రోజు యంత్రాలన్నిటికీ కుంకుమ పెట్టారు. ప్రమాదం వస్తే యంత్రాన్ని ఆపే ఎర్ర బటన్‌ను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ప్రాణం కాపాడేది అదే కదా అని నాకు బాధేసింది. లావుపాటి చామంతి దండ తెచ్చి, జిగురు పూసే యంత్రం బటన్ చుట్టూ ఒత్తుగా నా చేత్తోనే కట్టాను. పూజ పూలు వాటంతటవే రాలాలని మా అమ్మ చెప్పే మాట. పండగ అయిపోయినా తీయనివ్వలేదు.

సెలవుల తర్వాత మొదటి రోజు, ఆ యంత్రం దగ్గర పనిచేసే ఉలిగమ్మ చేతికి ఎర్రతాడు కనబడింది.

"తీసెయ్యమ్మా."

"కదిరి సామి కాడ కట్టించుకుంటి సారూ."

"సామి తాడని రోలరుకు తెలీదు."

"మరి నీ మెడలో యాలాడేది తెలుసునా?"

పక్కన పనిచేసే చందన కిసుక్కున నవ్వింది. "ఇది కంపెనీది" అని నేను గంభీరంగా చెప్పి, రోలరు ఎంత ప్రమాదమో చూపించడానికి వంగాను.

బాగానే చూపించాను. ట్యాగు లోపలికి పోయింది, దాని వెనకే నా మెడా వంగింది. "బటన్!" అని అరిచాను. చందన దండ మీద గట్టిగా కొట్టింది. పూలు నలిగాయి, బటన్ మాత్రం నొక్కుకోలేదు. ముక్కు జిగురుకు తగలబోతుండగా యంత్రం ఆగింది. ఉలిగమ్మ గోడ మీది మెయిన్ స్విచ్ దించేసింది.

"నువ్వే గదప్పా క్లాసులో చెప్తివి, బటన్ పనిచెయ్యకుంటే మెయిన్ ఆపమని! మేమంతా ఇంటిమి. నువ్వొక్కడివే ఇనలేదు."

సాయంత్రం మేనేజరు లోకేష్ ప్రమాదం రిపోర్టు ఫారం నా ముందు పెట్టాడు.

"వచ్చే వారం నిన్ను పర్మనెంట్ చెయ్యాల. ఆయమ్మ కాంట్రాక్టు మనిషి. తాడు కట్టుకొనుండె గదా, ఆమె తప్పని రాసెయ్."

"ఆమె పని పోతుంది సార్."

"లేకుంటే నీది పోతాది."

ఆ క్షణమే ఫారం విసిరికొట్టానని రాయాలని ఉంది. కానీ రెండు టీలు తాగాను. ట్యాగు లేకుండా నాయన ముందు ఎలా నిలబడాలా అని ఆలోచించాను. 'ఉలిగమ్మ' అని పేరు కూడా రాశాను.

అప్పుడే ఆమె వచ్చింది, కొబ్బరినూనె సీసాతో. "మెడ కమిలిపోయుండాది, పూసుకోప్పా" అని చెయ్యి చాపింది. ఆ చేతికి తాడు లేదు. నేను చెప్పానని తీసేసింది.

ఆమె పేరు కొట్టేయలేదు. దాని ముందు 'యంత్రం ఆపినవారు' అని చేర్చి, తప్పు మాత్రం నాదని రాశాను. మళ్ళీ జరగకుండా ఏం చేయాలన్న గడి మిగిలింది. అందులో ఇలా రాశాను: 'సేఫ్టీ ఆఫీసరుకు వెంటనే సేఫ్టీ క్లాసు పెట్టించాలి. చెప్పవలసినది ఉలిగమ్మ.'