కంప దాటని కర్రి

తిప్పయ్య పుట్టి నలభై ఎనిమిదేళ్ళయింది గానీ అప్పటిదాకా దాటిన నీళ్ళంటే వేదవతి ఏరొక్కటే. అదీ మూడేళ్ళకోసారి మోకాళ్ళ దాకా వస్తే గొప్ప. అలాంటి మనిషి 1981 జనవరిలో రామేశ్వరం రేవులో ఓడెక్కి, కుక్కను పక్కన కూచోబెట్టుకుని, సముద్రం దాటి కొలంబో పోయివచ్చాడంటే గుమ్మఘట్ట చుట్టుపక్కల ఇప్పటికీ సగం మంది నమ్మరు. నమ్మిన సగం మందీ ఎందుకు పోయాడో తెలిస్తే నవ్వుతారు. కుక్క చేత కట్టెలు దూకించడానికి పోయాడు. నవ్వేవాళ్ళకేం, వాళ్ళ దొడ్డిలో గొర్రెలు లేవు.

పిలుచుకుని పోయింది డాక్టరు హనుమంతరాయుడు. రాయదుర్గంలో గొడ్ల డాక్టరు. మనిషి సన్నం, మాట దురుసు, గొడ్డు మీద పడితే మాత్రం అమ్మ చెయ్యి. డెబ్బై ఆరులో గొర్రెలకు మూతులు వాచి, నాలుకలు నీలమై, మందలకు మందలు తుడిచిపెట్టుకు పోతున్నప్పుడు ఆయన సైకిలేసుకుని తిప్పయ్య దొడ్డికి వచ్చాడు. చూసిపోదామని వచ్చినవాడు పదకొండు రోజులు అక్కడే ఉండిపోయాడు. సూదులు ఉడకబెట్టుకోవడం, ఒక్కొక్క గొర్రె నోరు కడిగి మందు పూయడం, లేవలేనిదానికి గంజి పోయడం, అలిసిపోతే కంప పక్కన కంబళి మీద ఒరగడం. నూటపది గొర్రెల్లో తొంభై నిలబడ్డాయి. పోయేరోజున తిప్పయ్య ఒక పొట్టేలు పిల్లను తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెడితే, “ఏమప్పా, నాకు లంచమిస్తాండావా?” అని కసిరి సైకిలెక్కాడు. ఆ వీపుకు తిప్పయ్య దండం పెట్టాడు. అప్పటినుంచి ఐదేళ్ళుగా, ఆయన పేరు వినబడితే చాలు, ఉన్నచోటనే చేతులు జోడించడం అలవాటయింది.

ఆ డాక్టరుకు ఒకటే పిచ్చి, కుక్కల పోటీలు. రాజా అని తన కుక్కను బెంగళూరు, మద్రాసు తిప్పాడు. పోయిన ప్రతిచోటా మూడో స్థానమో నాలుగో స్థానమో. కొలంబోలో కుక్కలు అడ్డాలు దూకే పోటీ పెడుతున్నారు, వస్తారా అని ఉత్తరం వచ్చేసరికి రాజాకు నడుం పడిపోయింది, డాక్టరుకు రిటైరు కావడానికి అయిదు నెలలు మిగిలాయి. ఆయన నేరుగా దొడ్డికి వచ్చాడు.

“తిప్పయ్యా, నా ఆశ ఒకటుండాది. సముద్రానికి అవతల, నలుగురి ముందర, మన సీమ కుక్క ఒక్కసారి మొదట నిలబడాల. రాజాతో కాలేదు. నీ కర్రిని పిలుచుకోని వస్తావా? అది నీ మాట తప్ప వినదు.”

“అట్లే సామీ,” అన్నాడు తిప్పయ్య, ఆలోచించకుండానే.

ఆలోచన తర్వాత వచ్చింది. వచ్చి గుండె మీద కూచుంది.

ఎందుకంటే కర్రి దొడ్డి కుక్క. దొడ్డి కుక్కకు పుట్టినప్పటినుంచి నేర్పే మొదటి సంగతి, కంప దూకకూడదు. ఎండు తుమ్మకంపతో చుట్టూ దొడ్డి కడతారు. కుక్క బయట పడుకుంటుంది, కంపకు వీపు పెట్టి, లోకం వైపు మొహం పెట్టి. అది ఒక్కసారి లోపలికి దూకిందంటే గొర్రెలు బెదిరి ఒకదాని మీద ఒకటి పడి పిల్లల్ని తొక్కేస్తాయి. రెండోసారి ఈనిన గొర్రె దగ్గర మాయ వాసనకు దూకుతుంది. మూడోసారి పిల్లనే నోట పెడుతుంది. అందుకని దూకిన కుక్కకు తిప్పయ్య వాళ్ళింట్లో రెండో అవకాశం లేదు. తిప్పయ్య ఎంతో ముద్దుగా పెంచుకున్న ఎర్రి అనే కుక్క అట్లా ఒక్కసారి దూకింది. వాళ్ళమ్మ ఓబమ్మ దాన్ని తానే తోలుకుపోయి, కన్నడం మాట్లాడే ఊళ్ళ అవతల వదిలేసి వచ్చింది. నాలుగు రోజులు ఆమె కూడా అన్నం తినలేదు, అది వేరే సంగతి.

ఇంకొక రివాజు కూడా ఉంది ఆ ఇంట్లో. సాయంత్రం సంగటి గెలకగానే మొదటి ముద్ద కుక్కకు. మనుషులు తర్వాత. దొడ్డి కాచేవాళ్ళు ముందు తినాలి అంటుంది ఓబమ్మ. చుట్టాలొచ్చినా అంతే, ఆడబిడ్డ అలిగినా అంతే.

కొడుకు కుక్కకు దూకడం నేర్పబోతున్నాడని తెలిసి ఆమె ఒక్కటే మాట అంది. “డాక్టరయ్య రుణం నాకూ తెలుసురా. కట్టెలు దూకించుకో, గోడలు దూకించుకో. కంప ఒక్కసారి దూకిందంటే మాత్రం దాన్ని నా దొడ్డికి తేవద్దు. యాడ దూకినా సరే. నువ్వు అబద్ధం చెప్పవు గాబట్టి నేను అడిగితే చాలు.”

తిప్పయ్య ఈ మాట డాక్టరుకు చెప్పలేదు. రాయదుర్గంలో డాక్టరు ఇంటి పెరట్లో వెదురుకట్టెలకు సున్నం పూసి, తెల్లగా కనబడేట్టు కట్టి, వాటి మీద మాత్రమే నేర్పాడు. “హయ్” అంటే దూకాలి. పాత లారీ టైరు వేలాడదీసి దాంట్లోంచి దూకించాడు. కంప పుల్ల ఒక్కటి కూడా ఆ పెరట్లో లేకుండా ఏరి పారేశాడు. నాలుగు నెలలు పగలంతా దూకించడం, పొద్దు వాలితే దొడ్డికి తోలుకుపోయి, కర్రి మళ్ళీ కంపకు వీపు పెట్టి పడుకుందా లేదా అని చూసుకోవడం. పడుకునేది. ప్రతి సాయంత్రం తిప్పయ్య ప్రాణం మళ్ళీ వచ్చి ఒంట్లో పడేది.

కొలంబో వాళ్ళు పంపిన కాయితంలో అయిదు అడ్డాల బొమ్మలున్నాయి. అయిదోదాని మీద అడ్డదిడ్డంగా గీతలున్నాయి. “ఇదీ చెక్కేలే, రంగు పూసినట్టుండారు,” అన్నాడు డాక్టరు.

ప్రయాణం సంగతి చెప్పాలంటే, రామేశ్వరం రేవులో ఆఫీసరు తిప్పయ్య పాసుపోర్టును రెండుసార్లు తిరగేశాడు గానీ, కర్రికి సూదులు వేసినట్టున్న కాయితం మీద అన్ని ముద్రలు చూసి దాన్ని మాత్రం మర్యాదగా పంపించాడు. ఓడ కదిలాక కర్రి నిమ్మళంగా కూచుంది. తిప్పయ్యే వాంతులతో అల్లాడిపోయాడు. గెజిటెడ్ ఆఫీసరైన డాక్టరు, పది మంది చూస్తుండగా, గొర్రె తల పట్టుకున్నట్టే అతని తల ఒడిసి పట్టుకుని, నోరు కడిగి, నిమ్మకాయ నాకించాడు. “అవతల గట్టుకు నిన్ను మోసుకోని పోవాల్సి వచ్చేట్టుండాదే,” అని తిట్టాడు కూడా. ఇంత మనిషికి ఏమిచ్చి తీర్చుకుంటాను అనుకున్నాడు తిప్పయ్య, అంత వికారంలోనూ.

కొలంబోలో మైదానం నిండా కుక్కలే. దువ్వెనలు, సెంట్లు, కొన్నింటికి గొడుగులు. తిప్పయ్య కర్రికి శీకాయతో తలంటి, తన గొర్రెల ఉన్నితోనే పేనిన తాడు మెడకు కట్టి తెచ్చాడు. పోటీకి ముందు కుక్క ఆరోగ్యం చూస్తారట. టోపీ పెట్టుకున్న ఒక ముసలి దొరసాని వచ్చి కర్రి పెదవి ఎత్తి పళ్ళు చూసింది. చూడగానే తిప్పయ్యకు ఒళ్ళు మండింది. సంతలో పళ్ళు చూసేది కొనేవాడే. పైగా ఆమె నవ్వుతూ తిప్పయ్య వైపు చెయ్యి చాపింది. ఇంకేముంది, చేతిలో చెయ్యి పడితే బేరం కుదిరినట్టే. తిప్పయ్య రెండు చేతులూ వీపు వెనక దాచుకుని గట్టిగా అరిచాడు.

“అమ్మేది కాదు తల్లీ! ఎన్ని దుడ్లిచ్చినా అమ్మేది కాదు!”

డాక్టరు పరుగెత్తుకొచ్చి ఆమెకు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఆమె పడీపడీ నవ్వి, తన చేతులు కూడా వీపు వెనక పెట్టుకుని తిప్పయ్యకు తలవంచింది. మంచి మనిషి.

పోటీ మొదలైంది. కర్రి వంతు చివరలో వచ్చింది, అప్పటిదాకా ఇద్దరినీ గుడారం వెనకే ఉంచారు. తిప్పయ్య పంచె ఎగ్గట్టి పక్కన పరుగెత్తాడు. తెల్ల కట్టె, హయ్, దాటింది. చెక్క గోడ, హయ్, దాటింది. టైరులోంచి తాకకుండా దూరి పోయింది. జంట కట్టెలు ఒకే ఊపులో. జనాన్ని ఆపే తాడు అవతల నిలబడ్డ డాక్టరు చేతిలో గడియారం పట్టుకుని, “ముందుండాది, అన్నిటికంటే ముందుండాది!” అని చిన్నపిల్లాడిలా ఎగురుతున్నాడు. ఇంక ఒక్కటే మిగిలింది.

ఆ ఒక్కటీ చెక్క కాదని దగ్గరికొచ్చాకే తెలిసింది. రెండు గుంజల మధ్య కుక్కి కుక్కి పెట్టిన ఎండుకంప. అచ్చంగా దొడ్డి కంప.

కర్రి దాని ముందర ఆగిపోయింది. వాసన చూసింది. తర్వాత నెమ్మదిగా తిరిగి, కంపకు వీపు పెట్టి, ముందుకాళ్ళు చాపి పడుకుంది. చెవులు నిక్కబొడుచుకుని కొలంబో జనాన్నందరినీ ఒక చుట్టు చూసింది. అవతల లేని గొర్రెలకు కాపలా కూచుంది.

జనం ఘొల్లుమన్నారు. తిప్పయ్యకు నవ్వులు వినబడటం లేదు. కర్రి అతని మొహంలోకి చూస్తోంది. అతను హయ్ అంటే దూకుతుంది. అందులో అనుమానం లేదు, అతని మాట అది ఎన్నడూ కాదనలేదు. అన్నాడంటే మాత్రం దాని పని అంతటితో సరి. ఇంటికి పోయాక అమ్మ అడుగుతుంది, తను నిజం చెబుతాడు.

అనకపోతే డాక్టరు ఆశ ఇక్కడే మట్టిలో కలుస్తుంది. వచ్చే నెలలో ఆయన రిటైరవుతాడు. తన గొర్రెల నోళ్ళు కడిగిన చేతులు అవి. పదకొండు రోజులు. తొంభై ప్రాణాలు. ఓడ మీద తన తల పట్టుకున్న చేతులు.

నన్ను క్షమించే కర్రీ, అనుకున్నాడు తిప్పయ్య. నిజంగానే అనుకున్నాడు. కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు.

“తిప్పయ్యా! నోరు మూయి!”

డాక్టరు గొంతు. మైదానం అదిరిపోయేట్టు అరిచాడు.

“దూకించొద్దు! పిలుచుకో దాన్ని! ఇట్లా పిలుచుకో!”

తిప్పయ్య కళ్ళు తెరిచేసరికి ఆయన తాడు కింద దూరి గడ్డి మీద అడ్డంగా పరుగెత్తుకొస్తున్నాడు. దగ్గరికొచ్చి రొప్పుతూ తిట్టాడు. “ఆ పదకొండు దినాల్లో దొడ్డి కాడ, మీ ఎర్రి యాడికి పోయిందప్పా అని నేనడిగితే ఏమి చెప్పినావు? కంప దూకింది, అమ్మ తోలేసింది అని చెప్పి ఏడ్చినావా లేదా? నాకు గుర్తుండదనుకున్నావా? నాలుగు నెల్లు నా పెరట్లో తిరిగినావే, ఒక్క మాట చెప్పేదానికి ఏమి రోగం?”

“చెప్తే మీరు వద్దంటారని సామీ.”

“అంటాను! అనకుండా ఉంటానా? కప్పు కోసరం కుక్క బతుకు చెరిపేవాడి మాదిరి కనబడతాండానా నీకు?”

తిప్పయ్య అక్కడే గడ్డి మీద కూలబడి ఆయన కాళ్ళు పట్టుకుని బావురుమన్నాడు. “లేయప్పా, జనం చూస్తాండారు,” అంటూనే ఆయనా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కర్రి లేచి వచ్చి ఇద్దరి మధ్యా దూరింది.

దొరసాని వచ్చి ఏమిటని అడిగింది. డాక్టరు చెప్పాడు. ఆమె చాలాసేపు విని, ఆ కంపను చూసి, కర్రిని చూసి, టోపీ తీసింది. కప్పు మాత్రం ఇవ్వలేదు. నాలుగు దూకి అయిదోదాని ముందు పడుకున్న కుక్కకు ఎవరిస్తారు? పొడుగు చెవుల కుక్క ఒకటి పట్టుకుపోయింది.

తిరిగి వచ్చిన రోజు డాక్టరు కూడా నేరుగా దొడ్డికే వచ్చాడు. పొద్దు వాలుతోంది. గొర్రెలు లోపలికి పోయాయి. కర్రి తన చోట తను, కంపకు వీపు పెట్టి పడుకుంది. ఓబమ్మ పొయ్యి దగ్గరినుంచి కొడుకును అడిగింది, “దూకిందా?”

“దూకలేదమ్మా. నేను దూకించబోయినాను. డాక్టరు సారు అడ్డం పడినాడు.” జరిగింది జరిగినట్టు చెప్పాడు, తను నోరు తెరిచిన సంగతితో సహా.

ఓబమ్మ సంగటి గెలికింది. తడి చేత్తో మొదటి ముద్ద చేసింది. కర్రి లేచి, ఎప్పటిలాగే వచ్చి, తోక ఊపుతూ కూచుంది. ఓబమ్మ దాన్ని దాటుకుని వచ్చి ముద్దను డాక్టరు ముందు పళ్ళెంలో పెట్టి, పక్కన ఊరిబిండి పచ్చడి వేసింది.

డాక్టరు గాబరాపడ్డాడు. “అవ్వా, ముందు ముద్ద కుక్కది గదా!”

“దొడ్డి కాచినోళ్ళది నాయనా,” అంది ఓబమ్మ. “ఈ పొద్దు నువ్వు కాచినావు. కర్రి నీ తర్వాత తింటాది.”

అయిదేళ్ళ కింద ఒక పొట్టేలు పిల్లను కూడా పుచ్చుకోకుండా సైకిలెక్కి పోయిన మనిషి, ఆ పళ్ళేన్ని రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకున్నాడు.