ధనమ్మ వేళ్ల మీద గీతలు

కాశీబుగ్గ బ్యాంకులో ధనమ్మకు అరవై రెండు వేల రూపాయలున్నాయి. ఉన్నాయంటే పుస్తకంలో ఉన్నాయి, చేతికి రావు.

ఇరవై రెండేళ్లు ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టి దాచుకున్న సొమ్ము అది. మందస దారిలో తారకేశ్వరరావు గారి జీడితోట ఈ ఏడు కౌలుకు ఖాళీగా ఉంది. "మాఘ పున్నమి లోపు అరవై వేలు తే, తోట నీది. లేదా ఇంకొకరిది" అన్నాడాయన. ఒకరి పిక్కలు కొట్టడం మాని తన పిక్కలు తాను ఏరుకోవచ్చునన్న ఆశతో ధనమ్మకు కంటి మీద కునుకు లేదు.

ఆ బ్యాంకు చరిత్ర కావాలంటే పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు, ధనమ్మ ట్రంకుపెట్టె తెరిస్తే చాలు. అత్తగారి పాస్‌బుక్కు నీలంది. సర్కారు బ్యాంకుల్ని జాతీయం చేసిన కొత్తలో ఆఫీసర్లు జీపేసుకుని ఊళ్లోకొచ్చి, అరుగు మీద చతికిలబడి, "ఒక్క ఖాతా తెరువమ్మా, నీ పుణ్యం ఉంటుంది" అని బతిమాలి, సిరా పూసి వేలిముద్ర వేయించుకుపోయారు. ఎర్రది చిన్న బ్యాంకు పెద్ద బ్యాంకులో కలిసిపోయినప్పటిది. మూడోది ఆ పెద్దది మరీ పెద్దదాన్లో కలిసిపోయాక ఇచ్చింది. కలిసినప్పుడల్లా బోర్డు పెరిగింది, కౌంటర్లు తగ్గాయి. బతిమాలే వంతు ఖాతాదారుకొచ్చింది.

మేనేజరు జగన్నాథరావు విశాఖ నుంచి బదిలీ మీద వచ్చాడు. మంచివాడే, పాపం, సర్క్యులర్లు చదవడంతోనే సరిపోయి మంచితనానికి తీరిక దొరకదు.

"కేవైసీ గడువు దాటిందమ్మా, ఖాతా ఆగిపోయింది. నువ్వే ధనమ్మవని మళ్లీ రుజువు కావాలి. వేలు పెట్టు" అన్నాడు.

పెట్టింది. యంత్రం ఎర్రగా వెలిగింది. పది వేళ్లకూ అదే వరస. పిక్క పెంకులోంచి చిమ్మే జీడి నూనె తినేసిన ఆ వేళ్లు గోళీకాయల్లా నున్నగా ఉన్నాయి.

"గీతలే లేవు కదమ్మా!"

"పిక్కలు కొట్టే సేతికి గీతలెలాగుంతాయి బాబూ? నానే ధనమ్మని. నీకు నమ్మకం నేకపోతే ఈలనడుగు."

క్యూ అంతా "ఓలమ్మ, ధనమ్మే!" అని ఒక్క గొంతుతో అరిచింది. అయితే ఏం లాభం? కంప్యూటర్లో క్యూ సాక్ష్యానికి గడి లేదు.

"ఇన్ని రూల్సు ఎందుకెట్టినారు బాబూ?"

"ఒక ఎగుమతి వ్యాపారి తొమ్మిది కోట్లు అప్పు తీసుకుని దేశం దాటిపోయాడమ్మా. అప్పట్నుంచి బిగించారు."

"ఆయన ఏలెట్టినాడేటి?"

"లేదమ్మా. కాగితాలు పట్టుకుని మేమే ఆయనింటికెళ్లాం."

"ఆయన పారిపోతే నన్నట్టుకున్నారేటి?"

జగన్నాథరావు ఒక ఉపాయం చెప్పాడు. "పదిహేను రోజులు పిక్కల జోలికి పోకు. కొత్త చర్మం వస్తుంది, గీతలూ వస్తాయి."

పున్నమికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. కూలి పోతే పోయిందనుకుని ధనమ్మ ఇంట్లో కూర్చుంది. పూటపూటా వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంది. పక్కింటి పైడమ్మ రోజూ నారుమడి చూసినట్టు వచ్చి ఆ వేళ్లు చూసేది. "ఒత్తన్నాయే! సిటికినేలుకి ఒచ్చీసినాయి!" అని సంబరపడేది.

పున్నమి ముందురోజు ధనమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టి బ్యాంకుకు వెళ్లింది. పది వేళ్లూ పెట్టింది. పదిసార్లూ ఎరుపే.

జగన్నాథరావు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "గీతలు నిక్షేపంలా ఉన్నాయి. రికార్డుతో కలవడం లేదు. ఆధార్‌కి వేలిచ్చినప్పుడు పిక్కలు కొడుతున్నావా?"

"కొట్టకపోతే కూడెవులెడతారు?"

"అదీ సంగతి. అప్పుడు సగం అరిగిన గీతలు ఎక్కాయి. మొన్న బొత్తిగా లేవు, ఇవాళ పూర్తిగా ఉన్నాయి. యంత్రానికి ఆ సగమే కావాలమ్మా."

"అయితే ఏటి సెయ్యమంతావు?"

"కొన్నాళ్లు పిక్కలు కొట్టి, సగం అరిగాక రా" అన్నాడాయన, తల ఎత్తకుండా.

"పున్నమి రేపే బాబూ!" ధనమ్మ పది వేళ్లూ ఆయన ముందు చాపింది. "ఈ గీతలు అరగదీసుకుంతేనే ఆ డబ్బు పోగైనాది. గీతలుండుంతే మీ బేంకీతో నాకు పనేటి?"

ఆయన బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు.

పున్నమి నాడు తోట ఇంకొకరికి పోయింది. మర్నాడు పొద్దున్నే ధనమ్మ ఫ్యాక్టరీ షెడ్డులో పైడమ్మ పక్కన కూర్చుంది. కొత్త చర్మం మహా లేతగా ఉంది. మొదటి పిక్క పగలగానే నూనె చుర్రున కాల్చింది. ఇన్నేళ్లలో ఆ పీట మీద ఎన్నడూ ఏడవని మనిషి భోరుమంది.

"ఆపీయే, సాల్లే" అంది పైడమ్మ.

"సగం అరగడం ఎక్కడిదాకో ఆ బాబు సెప్పనేదే" అంటూ ధనమ్మ ఇంకో పిక్క అందుకుంది.