రొప్పని ఆబోతు

మిట్టమధ్యాహ్నం. రేకుల షెడ్డులో ఆవులన్నీ నాలుకలు వేలాడేసి రొప్పుతున్నాయి. ఆ రొప్పుల మధ్య, రేకుల నీడ అందని చివరి కట్టుగొయ్య దగ్గర, ఎవరో తాపీగా ఊపిరి తీస్తున్న చప్పుడు.

కోడలి చేతిలోంచి నీళ్ల పైపు జారిపోయింది. ఆ కట్టుగొయ్యకు ఏ పశువూ లేదు.

"నీకూ వినబడిందన్నమాట," అంది వెనక నుంచి అత్త. "వాడే. చచ్చినా వదల్లేదు ముదనష్టపోడు."

వాడంటే నున్నోడు. వెంట్రుకలు బాగా పొట్టిగా ఉండి, నూనె రాసినట్టు మెరిసే ఆబోతు. పోయిన వేసవిలో ఆ కట్టుగొయ్య దగ్గరే కోడలి భర్త శవమై దొరికాడు. ఒంటి మీద గాయం లేదు. శవానికి అటూ ఇటూ కాళ్లేసి నున్నోడు నిలబడి ఉన్నాడు. నోరు మూసుకుని, నింపాదిగా. గుండెల మీద కుమ్మి చంపాడన్నారు అందరూ. మర్నాడే అత్త వాణ్ణి కబేళా వ్యాన్ ఎక్కించింది.

వాడి బిడ్డ ఒక్కటి మిగిలింది, మచ్చల ఆవు కడుపులో.

ఆ ఆవుకు నొప్పులు మొదలయ్యాయని పశువుల డాక్టరు వచ్చాడు.

"మీ గొడ్లకేం పెద్దమ్మా, నడివేసవిలో కంబళ్లు కప్పుకుని తిరుగుతున్నాయి," అన్నాడు చేతులు కడుక్కుంటూ. "అంత వెంట్రుకుంటే ఒంట్లో వేడి బయటికెలా పోతుంది? దూడకి నున్నోడి పోలిక రావాలి. అదంతా ఒక్క జన్యువు పని. వాడి దగ్గర పొట్టి వెంట్రుకలిచ్చేది ఒకటి, మామూలుది ఒకటి ఉన్నాయి. దూడకి ఏదిచ్చాడో! బొమ్మా బొరుసే."

ఈ వేసవిలో ఎండకు ఆవులు వరసపెట్టి కూలుతున్నాయి. నున్నటి దూడ పుడితేనే ముందు ముందు మంద నిలుస్తుంది.

"నున్నటిది పుడితే వ్యానే," అంది అత్త. "గొడ్లు నా పేరు మీదున్నాయి. గుర్తుందా?"

పెయ్యదూడ పుట్టింది. అత్త వంగి వీపు మీద చెయ్యేసి, కాలినట్టు వెనక్కి లాక్కుంది.

"నున్నగా ఉంది! వాడే, వాడే!"

"తడి మీద ఏ దూడైనా నున్నగానే ఉంటుంది పెద్దమ్మా. ఆరనివ్వండి," అన్నాడు డాక్టరు.

కోడలు గోనెపట్టాతో తుడవడం మొదలెట్టింది. వెంట్రుక లేవకపోతే మందకు దిక్కు దొరుకుతుంది, దూడకు నూకలు చెల్లుతాయి. ఏది కోరుకోవాలో తెలియక తుడుస్తూనే ఉంది. ఒళ్లంతా ఆరింది. వెంట్రుక లేవలేదు.

"తండ్రి చేసినదానికి ఈ పెయ్యేం చేసిందత్తయ్యా," అని కాళ్లు పట్టుకుంది.

"నాకు కొడుకే పోయాడు. నువ్వు దూడ కోసం ఏడుస్తున్నావా?"

దూడకు నడక కుదరగానే అత్త వ్యానుకు కబురు పెట్టింది. మధ్యాహ్నం పలుపు తనే పట్టుకుని, నెత్తిన కొంగైనా కప్పుకోకుండా గేటు వైపు లాక్కుపోయింది. కోడలు షెడ్డులో ఆవుల మీద నీళ్లు కొడుతూ అటు చూడకూడదనుకుంది. చూసింది.

అత్త నేల మీద పడి ఉంది. దూడ ఆమె మీదికి వంగి నిలబడి ఉంది. నోరు మూసుకుని, నింపాదిగా.

కోడలు చెంబుతో పరిగెత్తి, మొహం మీద నీళ్లు కొట్టింది. అత్త కళ్లు తెరిచి, పైనున్న దూడ మొహం వైపు చాలాసేపు చూసింది.

"ఇది నన్నేం చెయ్యలేదే," అంది గొణుగుతూ. "ఎండకి కళ్లు తిరిగాయి. నేనే పడ్డాను. ఇదొచ్చి నిలబడింది. నీడ పడింది."

కోడలి చెయ్యి ఆగిపోయింది. పోయిన వేసవిలో గాయం లేకుండా దొరికిన ఆ శవం ఇద్దరికీ ఒక్కసారే కళ్ల ముందు మెదిలింది.

"అంటే అబ్బాయిదీ ఎండదెబ్బే. వాడు నీడకి నిలబడ్డాడు," అంది అత్త. "వాణ్ణి నేను..."

గేటు దగ్గర వ్యాన్ హారన్ మోగింది.

"వెళ్లిపొమ్మను." అత్త పలుపు గుండెలకు హత్తుకుంది. షెడ్డు వైపు చూడలేక మొహం తిప్పుకుంది. "మధ్యాహ్నం పూట నన్నొక్కదాన్నీ అందులోకి పంపకే అమ్మాయ్."