అత్తగారి ట్యూషను

ఆసుపత్రిలో బట్టలుతికే విభాగానికి ఆవిరి అందించే బాయిలర్ దగ్గర అతను పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాడు. చప్పుడు విని ఏ వాల్వు కారుతోందో చెప్పేస్తాడని తోటివాళ్లు అతణ్ని ‘ఆవిరి మాస్టారు’ అనేవారు. అలాంటివాడు ఆపరేటర్ లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ ప్రశ్నపత్రం చేతికందగానే అరచేతులకు చెమటలు పట్టి, తెలిసినవన్నీ బుర్రలోంచి ఎగిరిపోయాయి. లైసెన్సున్న పెద్దాయన త్వరలో రిటైరవుతున్నాడు. ఆ పని అతనికే ఇస్తామన్నారు, కానీ చేతిలో కాగితం ఉండాలన్నారు.

మూడోసారి దరఖాస్తు పెట్టిన సంగతి భోజనాల దగ్గర నసుగుతూ బయటపెట్టాడు.

“ఎప్పుడు పరీక్ష?” అంది అత్తగారు.

“ఇంకా ఐదు వారాలుంది అత్తయ్యా.”

“చాలు. రేపట్నుంచి డ్యూటీ అయ్యాక ఈ టేబుల్ దగ్గర కూర్చోండి. నేను చూసుకుంటా.”

అతని భార్యకు నవ్వాగలేదు. “అమ్మా, బాయిలర్ గురించి నీకేం తెలుసే?”

“నాకెందుకు తెలియాలి? అది ఆయనకి తెలుసు. నాకు పరీక్షలు తెలుసు.”

అందులో అబద్ధం లేదు. ఆమె ముప్ఫై ఒక్క ఏళ్లు స్కూల్లో అటెండరుగా చేసింది. గంట కొట్టడం, పరీక్ష హాల్లో మంచినీళ్లివ్వడం, అడిగినవాళ్లకు అదనపు కాగితాలందించడం ఆమె పని. ఎవరు గట్టెక్కుతారో, ఎవరు బోల్తాపడతారో మొదటి పది నిమిషాల్లోనే పసిగట్టేసేది.

మర్నాడు అతను ఒక పేజీ గడగడా చదివాడు. ఆమె పుస్తకం మూసేసింది.

“ఇప్పుడు నాకు చెప్పండి.”

అతను రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయాడు.

“చూశారా? పుస్తకం తెరిచుంటే అన్నీ వచ్చినట్టే ఉంటాయి. సరే, ఆ సేఫ్టీ వాల్వు గోలంతా ఎందుకు? ఉన్నదేదో గట్టిగా బిగించేస్తే పోదూ?”

అతను కుర్చీలోంచి లేచిపోయాడు. “అమ్మో! అలా చేస్తే ఎక్కువైన ఆవిరి బయటికి పోక బిల్డింగే లేచిపోతుంది!” ఉప్పు సీసా బాయిలరైంది, గ్లాసులు పైపులయ్యాయి. పావుగంటసేపు ఊపిరి సలపకుండా చెప్పాడు.

“ఇదే రాయండి. ఇంత బాగా చెప్పే మనిషి కాగితం ముందు మూగనోము పడతారేంటి?”

ప్రతి ఆదివారం ఇంట్లోనే ఉత్తుత్తి పరీక్ష. అత్తగారు గరిటెతో పళ్లెం మీద కొట్టి మొదలుపెట్టించేది, మొహం గంటుపెట్టుకుని చుట్టూ తిరిగేది.

“పక్కకి చూడకండి.”

“పక్కన గోడే కదా అత్తయ్యా!”

“గోడనీ చూడకండి.”

భార్య పేపర్లు దిద్దేది. మొదటివారం ముప్ఫై ఒకటి వచ్చాయి. తరవాతి వారం యాభై ఎనిమిది. మూడోవారం నీటిలోని లవణాల పాఠం దగ్గర అతనికి చిర్రెత్తుకొచ్చి, పుస్తకం పక్కన పడేశాడు. “నావల్ల కాదు. ఒక్క ముక్క ఎక్కట్లేదు.”

అత్తగారు బతిమాలలేదు. “దానికెన్ని మార్కులు?” అనడిగింది.

“ఎనిమిది.”

“ఎనిమిదింటి కోసం తొంభై రెండు వదిలేసుకుంటారా? దాన్నక్కడ ఉంచి మిగతావి చదవండి.”

అతనికి మొదట ఉక్రోషం వచ్చింది. కాసేపటికి నవ్వొచ్చి, తరవాతి పాఠం తెరిచాడు.

పరీక్షకు ముందురోజు ఇద్దరూ బస్సెక్కి పరీక్షాకేంద్రానికి వెళ్లారు. గది ఎటు, మంచినీళ్లెక్కడ, బాత్రూం ఎక్కడ, అన్నీ ఆమె దగ్గరుండి చూపించింది. ఇంటికి రాగానే పుస్తకం లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. “రేపు హాలు గుమ్మం దగ్గర అందరూ గుంపుగా చేరి అది చదివావా, ఇది చదివావా అంటుంటారు. వాళ్ల జోలికి పోకండి,” అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

మర్నాడు నిజంగానే వరండాలో నలుగురు ఒకే పుస్తకం మీద పడి కంగారుపడుతున్నారు. అతను దూరంగా కిటికీ దగ్గర నిలబడి, భార్య ఇచ్చిన అరటిపండు తిన్నాడు.

ప్రశ్నపత్రం వచ్చింది. మొదటి ప్రశ్నే నీటిలోని లవణాలు! అరచేతులు తడిశాయి. పెన్ను కింద పెట్టి, చేతులు తుడుచుకుని, పేపరంతా నెమ్మదిగా చదివాడు. పదింట్లో ఏడు బాగా వచ్చు. సేఫ్టీ వాల్వుతో మొదలుపెట్టాడు. ఎదురుగా అత్తగారు కూర్చున్నట్టే అనిపించింది. ‘గట్టిగా బిగిస్తే సరిపోతుందని కొందరు అనుకోవచ్చు, అది చాలా ప్రమాదం’ అని రాసి, తనలో తనే నవ్వుకున్నాడు.

చివర్లో పావుగంట మిగిలింది. మొదటి ప్రశ్నకు తిరిగొచ్చాడు. రోజూ పొద్దున్నే నీళ్లలో మందు చుక్కలు వేసి రంగు మారడం చూడటం, అడుగున చేరిన మడ్డి వదలడం తను చేసే పనేగా! చేసేదే రాశాడు.

మధ్యాహ్నం నోటిపరీక్ష. కళ్లజోడు ముక్కు చివరికి జారిన ఇంజనీరు అడిగాడు: “నీటిమట్టం చూపే గాజుగొట్టంలో నీళ్లు కనబడటం లేదు. ఏం చేస్తావు?”

“ముందు మంట ఆపేస్తానండి. నీళ్లు మాత్రం లోపలికి వదలను.”

“తగ్గితే వదలాలి కదయ్యా?”

“మాడిపోతున్న ఇనుము మీద చన్నీళ్లు పడితే ఇంకేమన్నా ఉందాండీ? చల్లారేదాకా ఆగాల్సిందే.”

“ఎప్పుడైనా అలా మంట ఆపావా?”

“ఒకసారి ఆపానండి. మూడు వార్డులకి దుప్పట్లు లేటయ్యాయి. చెడామడా తిట్లు తిన్నాను.”

ఇంజనీరు పకపకా నవ్వాడు. “తిట్లు తిన్నా బతికున్నావుగా. వెళ్లిరా.”

మూడు వారాలకు ఫలితం వచ్చింది. అతను పాసయ్యాడు. ఫోనులో చూసి భార్య పెట్టిన కేకకు పక్కింటివాళ్లు తలుపు తీసి చూశారు.

“ఎన్నొచ్చాయి?” అంది అత్తగారు.

“డెబ్బై ఆరు అత్తయ్యా!”

“మిగతా ఇరవై నాలుగూ ఏమయ్యాయి?” అని మొహం గంభీరంగా పెట్టబోయింది కానీ, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అతను వంగి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ముగ్గురూ ఐస్‌క్రీం తినడానికి వెళ్లారు. పళ్లు జివ్వుమంటున్నాయంటూనే అత్తగారు రెండోది కూడా తెప్పించుకుంది.