అథల్ తలుపు

ప్రేమలతకు మొగుడి మీద ఉన్న ఫిర్యాదు పెళ్లికంటే పాతది. పెళ్లిచూపులకు వచ్చిన దేవన్న పిల్లను చూడకముందే గుమ్మం చూశాడు. వేలి కణుపుతో టకటక కొట్టి, "టేకు కాదు," అన్నాడు. చాయ్ తాగాక పిల్ల నచ్చిందన్నాడు కానీ ఆ గుమ్మం ఈనాటికీ నచ్చలేదు. పిల్ల డిగ్రీ చదివిందన్న మాట అతని చెవిన పడిందా లేదా అని ఆమెకు ఇప్పటికీ అనుమానమే.

దేవన్నది నిర్మల్. సౌదీలో సముద్రం ఒడ్డున ఉన్న జెద్దాలో ఒక తలుపుల కార్ఖానాలో మేస్త్రీ. కాపురం ఆ ఊళ్లోనే, షరఫియా పేటలో. హోటల్ బల్ల, చుట్టాల సోఫా, ఆఖరికి ఆమె పురుడు పోసుకున్న ఆసుపత్రి మంచం కూడా ఆ వేలి దెబ్బ తిన్నవే. టేకు కానిదంతా అతని లెక్కలో వంటచెరకే.

ఈసారి ఆ దెబ్బ ఒక మనిషి బతుకు మీద పడింది.

కార్ఖానా యజమానిది దూరాన ఎడారి నడుమ ఉన్న హాయిల్. అక్కడ ఆయన గోధుమ చేల చుట్టూ గాలికి అడ్డంగా తాతలు నాటిన అథల్ అనే ఎడారి చెట్లు ఉండేవి. బావులు అడుగంటాయి, ఎండలు ముదిరాయి, చెట్లు వరసలు వరసలుగా నిలువునా ఎండిపోయాయి. మరోపక్క టేకు ఇదివరకటిలా రావడం లేదు, వచ్చినా లేత సరుకే. వెనకటి మట్టి ఇళ్ల తలుపులు, దూలాలు అథల్‌వే కదా, కొత్తగా కడుతున్న అతిథి గృహానికి వీటితోనే చేయండని ఆయన లారీడు కట్టె జెద్దాకు పంపాడు.

"గిది పొయ్యిల పెట్టే కట్టె," అన్నాడు దేవన్న.

అతని కింద పనిచేసే కడప కుర్రాడు రఫీ మాత్రం చిత్రిక పడుతూ మురిసిపోయాడు. "నున్నగా వస్తాంది సూడన్నా! పాలిష్ ఏసినాక టేకు కాదని ఎవురూ గుర్తుపట్టల్యారు."

దేవన్న జెద్దా షెడ్డులోనే నాలుగు రోజులు ఆరబెట్టించిన ఆ కట్టెతో తలుపు బ్రహ్మాండంగా కుదిరింది. హాయిల్ చేరి నెల తిరక్కముందే పలకలు పగిలి, సందుల్లోంచి అవతలి గది కనబడింది. యజమాని నిప్పులు చెరిగాడు. ఎవరి పని ఇది అన్నాడు. కట్టె మంచిది కాదు, దానికి తోడు రఫీ కూర్పు బాగాలేదు అన్నాడు దేవన్న. కట్టెను కాల్చేయమనీ, రఫీకి ఎగ్జిట్ కొట్టి ఇండియాకు పంపేయమనీ ఆయన హుకుం ఇచ్చాడు.

"నిజంగనే పిలగాని కూర్పు బాగలేకుండెనా?" అని అడిగింది ప్రేమలత.

"మరి తలుపు ఉత్తగనే పగుల్తదా?" అన్నాడతను, టీవీ వైపు చూస్తూ. టీవీ పెట్టి లేదు.

రఫీ ప్రతి శుక్రవారం తమ ఇంట్లోనే తినేవాడు. ఊళ్లో అతని జీతం కోసం ఎదురుచూసే ఇల్లుంది. ఆ శుక్రవారం అతను కూర్చుని తినకపోతే, ఆమె టిఫిన్ గిన్నెలో కట్టి ఇచ్చింది.

అంతలో హాయిల్ నుంచి ముత్యవ్వ ఫోన్. ఆమె అక్కడ ఒక అరబ్బుల ఇంట్లో పనిచేస్తుంది. వరసకు వదిన కాకపోయినా వదినా అంటుంది. ప్రేమలత పంపిన వడియాల గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆమె చెబుతుంటే ప్రేమలత చేతిలో గరిటె ఆగిపోయింది. "ఉండు ముత్యవ్వా, పొద్దుమూకి మళ్ల చేస్త," అని పెట్టేసింది.

దేవన్న అన్నానికి కూర్చున్నాక ఫోన్ స్పీకర్‌లో పెట్టి, పప్పు గిన్నె పక్కన ఆనించింది.

"ముత్యవ్వా, పొద్దుగాల ఏమో అంటివి, సక్కగ వినబడలే."

"ఇంకేమంట వదినా! నీ వడియాలు ఈడికొచ్చినంక ఇంకింత ఎండి, వంకరలు దిరిగి పటపట పలిగినయి."

"నా పిండి మంచిగ లేకుండెనేమో. నా చెయ్యి మంచిది కాదేమో."

"పిండికేమైంది, చెయ్యికేమైంది? గదే తీరుగ నేను ఈడ పోసి, నీడకు మెల్లగ ఎండబెట్టిన. ఒక్కటి పలుగలే. మీది సముద్రపు గాలి, అండ్ల ఎండినట్టు కనబడ్తది గని ఎండదు. ఈడి గాలి తోలుల తడి గూడ గుంజుకపోతది."

దేవన్న చేతిలో ముద్ద నోటిదాకా పోలేదు. పళ్లెంలోంచి ఒక వడియం తీసి గోటితో కొట్టి చూశాడు. ప్రేమలత ఫోన్ పెట్టేసి, ఏమీ ఎరగనట్టు మజ్జిగ పోసింది.

"ఆ కట్టెను ఈడ షెడ్డుల ఆరబెట్టుమన్నది ఎవరు?" అంది నెమ్మదిగా.

వడియం పళ్లెంలో పెట్టి అన్నాడు, "టేకైతే గిట్ల చెయ్యకపోవు. ఎట్ల చేసినా ఓర్చుకుంటది."

"ఓర్చుకునేటియి దొరికినయని గదా, మీరు నేర్చుకునుడు బందు పెట్టిన్రు." ఆమె టేకు గురించి ఒక్కదాని గురించే అనలేదని అతనికీ తెలుసు.

తలుపు తట్టిన చప్పుడు. రఫీ. శుక్రవారం తీసుకెళ్లిన టిఫిన్ గిన్నె కడిగి తెచ్చాడు.

"ఎల్లుండే ఫ్లైటు అక్కా. మల్లా కుదుర్తాదో ల్యాదో అని."

దేవన్న చెయ్యి కడుక్కుని తన ఫోన్ తీసి యజమానికి కలిపాడు. అతని అరబ్బీ మేకులూ, బోల్టులూ కొనడానికి సరిపోయేది. అందులోనే వెతుక్కుని, "అనా గల్తాన్," నాదే తప్పు, అన్నాడు. అవతలి అరుపులు గుమ్మం దాకా వినబడ్డాయి. అతను ఆ మాటే మళ్లీ అన్నాడు, కట్టె కాల్చొద్దన్నాడు, రఫీ పేరు చెప్పాడు. ఫోన్ పెట్టేసి రఫీ వైపు తిరిగాడు.

"రేపు ఇద్దర్ని రమ్మన్నడు. నిన్ను ఉంచుతడో, నన్ను గూడ పంపుతడో ఎరుకలేదు."

"నువ్వెందుకన్నా మీదేసుకుంటివి?" అన్నాడు రఫీ, గిన్నె ఇంకా చేతిలోనే పట్టుకుని.

"మీదేసుకునుడు కాదు రఫీ. ఆ కట్టె మంచిదే. నీ కూర్పు మంచిదే. దాని గుణం తెలుసుకోకుండ తొందరవడి, ఆ పాపం నీ నెత్తిన రుద్దిన. తప్పు నాది."