అమ్మ లేనప్పటి మాటలు

నోటుపుస్తకం పోయింది పాప పోయిన పదకొండో రోజున. హరిచందన తను పాఠాలు చెప్పే బడిలో సెలవు కాగితం ఇచ్చి గోపాలపట్నంలోని ఇంటికి వచ్చేసరికి పాప శ్రీసత్య గౌన్లు లేవు, బొమ్మలు లేవు, వాటితోపాటు ఆ పుస్తకమూ లేదు. అన్నీ మూటగట్టి సముద్రంలో కలిపించేసింది అత్తగారు భ్రమరాంబ.

"అవి ఇంట్లో ఉంచుకుంటే మళ్లీ కడుపు పండదమ్మా."

"మళ్లీ కంటాం కదా, మళ్లీ రాసుకుందువుగాని," అన్నాడు భర్త నాగవంశీ, ఓదార్పుగానే.

రెండున్నరేళ్ల పిల్ల మాటలు ఆ పుస్తకంలో ఉన్నాయి. హరిచందన బడి నుంచి వచ్చి, వంటచేసి, అంట్లు తోమి, తేదీలు వేసి మరీ రాసింది. మొదట 'బస్సు'. కొన్నాళ్లకి 'ఎర్ర బస్సు'. ఎవరూ నేర్పకుండానే ఒక మాట ముందు ఇంకోదాన్ని తెచ్చి నిలబెట్టేది పిల్ల. ఆ తర్వాత ఏమందో పుస్తకంలో లేదు. మూడు రోజుల జ్వరం, అంతే. ఇప్పుడు ఆ రెండు మాటలే గదిగదికీ వెంట వస్తున్నాయి.

పగలంతా పాపని చూసిన నూకాలుని కూడా అత్తగారు మాన్పించేసింది. 'దాని యాసే పట్టింది పిల్లకి' అని పాప ఉన్నప్పుడే సణిగేది. హరిచందన ఆమెను వెతుక్కుంటూ పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లింది. నూకాలు చేపలు ఏరుతోంది.

"ఏటమ్మా, ఇలాగొచ్చేసినావు?"

"పాప ఏమేం మాట్లాడేదో చెప్పు నూకాలూ. రాసుకుంటాను."

నూకాలు చెయ్యి కడుక్కుంది. "'మామ్మ పెద్ద నోరు' అనీది. మీ అత్తకి సెప్పకమ్మోయ్."

పాప పోయాక హరిచందన నవ్వడం అదే మొదలు.

"మజ్జేనం అయితే నువ్వొచ్చీ బస్సు కోసం గుమ్మంలో కూకుండిపోయీది. 'అమ్మొచ్చీ ఎర్ర బస్సు, అమ్మొచ్చీ ఎర్ర బస్సు' అని ఒకటే పాట. నాను నేర్పనేదు."

"నా దగ్గర ఎప్పుడూ అనలేదే?"

"నువ్వింటికాడుంటే ఆ మాటతో పనేటమ్మా?"

వెనక వేలంపాట అరుపులు. హరిచందన పెన్ను చేతిలో అలాగే ఉంది. ఆ రోజు నూకాలు ఇంకా చాలా చెప్పింది. చెప్పినవి చెప్పినట్టే, యాస దిద్దకుండా రాసుకుంది. 'అమ్మొచ్చీ ఎర్ర బస్సు' అన్న ఆ ఒక్క మాటా ఇంకా రాయలేదు.