మొదటి మైకు

ఆ బ్యాంకు షేర్ల విభాగంలో ఒక అలవాటుంది. పొద్దున్నే మార్కెట్ తెరవకముందు అందరూ హాల్లో చేరతారు. కంపెనీల మంచిచెడ్డలు ఆరా తీసేవాళ్ళు ఒక్కొక్కరే బల్ల దగ్గరికొచ్చి, మైకు పట్టుకుని, ఏ షేరు కొనాలో ఏది అమ్మాలో చెబుతారు. ఆ మాట వినగానే సేల్స్ వాళ్ళు ఫోన్లందుకుని ఖాతాదారుల చెవిన వేస్తారు. కొత్తగా చేరినవాళ్ళని ఆ మైకు ఛాయలకు కూడా రానివ్వరు. ఇచ్చారంటే మాత్రం ఉద్యోగం పర్మనెంటయినట్టే, కాగితం తీరిగ్గా వస్తుంది.

ఎంబీఏ అవగానే ట్రైనీగా చేరిన మొండి ఆ మైకు కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తోంది. మొండి అనేది పిన్ని పెట్టిన ముద్దుపేరు. పేరుకు తగ్గ పిల్లే, అందులో అనుమానం లేదు. ఇంట్లోవాళ్ళు డిగ్రీతో సరిపెట్టమన్నప్పుడు, సరిపెట్టేదేంటి నా దగ్గరికి పంపండి అని పంతం పట్టి తెచ్చుకున్న మనిషి పిన్ని. ఆసుపత్రిలో నర్సు. ఈ పిల్ల చదువు కోసం రెండో డ్యూటీ కూడా నెత్తినేసుకుని, రోజూ వాచిన కాళ్ళతో ఇంటికొస్తుంది. నీ ఉద్యోగం పర్మనెంటవనీ, ఆ రెండో డ్యూటీ వాళ్ళ మొహాన కొట్టి వచ్చేస్తానని అంటూ ఉంటుంది.

మొండి పై అధికారిని ఆఫీసంతా సర్దుబాటు అంటారు, ఆయన లేనప్పుడు లెండి. ఏ చిక్కొచ్చినా ఆయన నోట వచ్చేది ఒక్కటే మాట, కొంచెం సర్దుకుందాం అని. ఆయన సర్దుకున్నది ఎవరూ చూడలేదు, ఎప్పుడూ ఎదుటివాడే సర్దుకోవాలి. ఇప్పటికే మార్కెట్లో ఉన్న ఒక టైల్స్ కంపెనీ కొత్త షేర్లు అమ్మిపెట్టే పని బ్యాంకుకు దొరికింది. ఆ ఫ్యాక్టరీ చూసి రమ్మని ఆయన మొండిని పంపాడు. రిపోర్టు అప్పటికే రాసిపెట్టుకున్నాడు మహానుభావుడు! చూసి రమ్మన్నది మాట వరసకే.

అక్కడి మేనేజరు షోరూములో కూర్చోబెట్టి, కూల్‌డ్రింకిచ్చి, పని పగలూ రాత్రీ జోరుగా సాగుతోందని ఊదరగొట్టాడు. మొండి ఊరుకుంటుందా? చేతులు కడుక్కొస్తానని వెనక షెడ్డులోకి నడిచింది. టైల్స్ కాల్చే బట్టీ ఒకటి మంచులా చల్లబడి ఉంది. ఇంకోదాని నోట్లో ఒక పిల్లి, పిల్లల్ని పొట్టకు పొదువుకుని హాయిగా నిద్రపోతోంది. మేనేజరు రొప్పుకుంటూ వచ్చి, ఇటు కాదమ్మా ఇటు కాదమ్మా, అవతల మూడో బట్టీ నడుస్తోంది అంటూ ఆమెను కారెక్కించాడు.

చూసిందంతా చెబితే సర్దుబాటు చిరాకు పడలేదు, నవ్వాడు. పిల్లులు ఎక్కడైనా పడుకుంటాయన్నాడు. కొంచెం సర్దుకుందాం అన్నాడు. రేపు మైకు నీదే, ఈ కాగితంలో ఉన్నది చదివి కొనమని చెప్పు చాలు అన్నాడు. మొండి గుండె ఒక్కసారి పైకి లేచి, అంతలోనే కిందపడింది.

ఆ సాయంత్రం మైకు సంగతి విని పిన్ని మురిసిపోయింది. వేణ్ణీళ్ళ టబ్బులో కాళ్ళు పెట్టుకుని, డ్యూటీ మానేస్తానని ఎవరెవరికి ఎలా చెప్పాలో అప్పటికప్పుడే ఆలోచించేసింది. ఆ టైల్స్ షేర్లేవో మా డాక్టరమ్మ కూడా కొంటుందట, నన్నూ కొనమంటావా అని అడిగింది. దాని జోలికి పోకు పిన్నీ అనేసింది మొండి, ఆలోచించకుండానే.

"మరి రేపు మైకులో ఏం చెబుతావే?" అంది పిన్ని.

మొండి టబ్బులోకి ఇంకాసిని వేణ్ణీళ్ళు తెచ్చే వంకతో లేచి వెళ్ళింది. పిన్ని రెట్టించలేదు. తన మీద తనకే ఒళ్ళు మండి, మొండి ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

పొద్దున హాలు నిండింది. మొండి మైకు పట్టుకుని, కంపెనీ పేరు చదివింది. కింద ఉన్నదంతా అబద్ధమే. కాగితం మడిచి పక్కన పెట్టేసింది.

"ఈ షేరు కొనొద్దని నిన్న మా పిన్నికి చెప్పాను. మిమ్మల్ని కొనమనలేను. మూడు బట్టీల్లో రెండు ఆరిపోయాయి, కళ్ళారా చూశాను. ఒకదాంట్లో పిల్లి పిల్లల్ని పెట్టింది. మూడోది నడుస్తోంది. నన్నడిగితే అమ్మేయమంటాను."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెంటనే ఒక ఫోను లేచింది, తర్వాత ఇంకోటి.

సర్దుబాటు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె పక్కకొచ్చి, గొంతు తగ్గించి బతిమాలాడు. మాట తడబడిందని మైకులో ఒక్క ముక్క చెబితే చాలట, సాయంత్రానికల్లా పర్మనెంటు కాగితం మీద ఆయనే సంతకం పెడతాడట. లేదంటే ఇదే ఆఖరి రోజట.

మొండికి పిన్ని కాళ్ళు గుర్తొచ్చాయి. భయం వేసింది, నిజంగానే వేసింది. చేసేదేమీ లేక తలూపి, మళ్ళీ మైకందుకుంది. ఫోన్లలో ఉన్నవాళ్ళు కూడా తలెత్తారు.

"ఇందాక నేనొక తప్పు చెప్పాను" అంది.

సర్దుబాటు అమ్మయ్య అనుకుని రుమాలు తీశాడు.

"మూడో బట్టీ నడుస్తోందన్నాను. అది నేను చూడలేదు. మేనేజరు కారెక్కిస్తూ చెప్పిన మాట. దాన్ని కూడా నమ్మకండి."

మైకు బల్ల మీద పెట్టి, వెళ్ళి తన కుర్చీలోనే కూర్చుంది. పంపించేస్తే పంపించుకోనీ, తనంతట తాను లేచేది లేదు.